పంచదార లేని టీ

ధనుర్మాసంలో తెల్లవారకముందే లేచి గుడికి పరిగెత్తేది పాశురాల కోసమా, పొంగలి కోసమా అని మా ఆవిడ ఎగతాళి చేసేది. రెండూ కాదు, గుడి బయట టీ బంకు కోసమని ఇప్పుడు ఒప్పుకుంటాను. ఒప్పుకుని ఏం లాభం, వినడానికి ఆమె లేదు. తెనాలి వైకుంఠపురంలో తిరుప్పావై ముగిసి, దొప్పలో పొంగలి చెయ్యి కాలుస్తుండగానే బయటికొస్తే బంకు దగ్గర మా సభ సగం కూడి ఉంటుంది. మొదటి బేరం కోసం చూసే ఆటో కుర్రాడు, తెల్లవారుజాము నమాజు ముగించుకుని వచ్చే టైలర్ భాయ్, నైట్ డ్యూటీ దిగి బస్సు కోసం నిలబడే నర్సమ్మ, పెన్షన్ పుచ్చుకునే హెడ్‌మాస్టరు గారు, నేను. నేనంటే, ముప్పై నాలుగేళ్లు ఎల్ఐసీ ఏజెంటుగా ఈ ఊళ్లోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ సైకిలు, లూనా, స్కూటరు వరసగా అరగదీసినవాణ్ణి. చివరి పదేళ్లు ఒక ఆరోగ్య బీమా కంపెనీ ఏజెన్సీ కూడా చేశాను. ఇప్పుడు 73 ఏళ్లు.

ఈసారి సభకు విషయం మంత్రివర్గమే ఇచ్చింది. మొన్న 2025 సెప్టెంబరులో రాష్ట్రంలో అందరికీ ఆరోగ్య బీమా అన్నారు. 2.5 లక్షల దాకా ఖర్చు బీమా కంపెనీ భరిస్తుంది, ఆపైన 25 లక్షల దాకా ఎన్టీఆర్ వైద్య సేవ ట్రస్టు చూసుకుంటుంది. అదే నెల 22 నుంచి మనం సొంతంగా కట్టుకునే ఆరోగ్య బీమా మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు. మరుసటి నెలలో, పాత బకాయిలు రాలేదని ప్రైవేటు ఆసుపత్రులు ఆ ట్రస్టు కింద చేసే వైద్యం ఆపేశాయి. ఈ మూడూ కలిపి నలిపితే ఒక ధనుర్మాసానికి సరిపడా వాదన.

‘‘నాకు ఆరోగ్యశ్రీ కార్డు ఎప్పటినుంచో ఉంది. ఇప్పుడు మధ్యలో కంపెనీవాడెందుకు బాబాయ్?’’ అంటాడు ఆటో కుర్రాడు. ‘‘ప్రభుత్వం బిల్లులు ఇవ్వలేకపోతోంది గనక’’ అంటారు మాష్టారు. ‘‘కంపెనీవాడు ఇస్తాడా? ఎంత తక్కువ ఇస్తే అంత మిగులు వాడికి’’ అంటాడు వాడు. 2007 ఏప్రిల్‌లో అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు కూడా కంపెనీ చేతిమీదుగానే మొదలైందని, తర్వాత ట్రస్టు చేతికి వచ్చిందని, ఇప్పుడు మళ్లీ సగం కంపెనీకి వెళుతోందని నేను చెబితే, ‘‘అంటే గానుగెద్దు’’ అన్నాడు టైలర్ భాయ్. పేరు కూడా అంతే. రాజీవ్, ఎన్టీఆర్, వైఎస్సార్, మళ్లీ ఎన్టీఆర్. రోగం పేరు మాత్రం మారలేదు.

ఇంతకీ ఎవరికి లాభం? సభలో ప్రతివాడూ చివరికి వచ్చి ఆగేది ఈ ప్రశ్న దగ్గరే. ఆసుపత్రులకంటారు ఒకరు, కంపెనీలకంటారు ఒకరు, ఓట్లు అడిగేవాళ్లకంటారు ఇంకొకరు. జ్వరానికి, నెలనెలా మింగే బీపీ మాత్రకు ఈ కార్డు ఎక్కడ చెల్లుతుందని నర్సమ్మ అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు. అన్నీ నిజమే కావచ్చు. కానీ ఈ ప్రశ్నను నేను ముప్పై నాలుగేళ్లు బల్లకు అవతలివైపు కూర్చుని విన్నవాణ్ణి. ‘‘కడితే నాకేంటి లాభం?’’ అని. ఆ ప్రశ్నలోనే ఎక్కడో మెలిక ఉందని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

ఎల్ఐసీ గుర్తు అందరూ చూసిందే. దీపం, ఆరిపోకుండా రెండు చేతులు అడ్డు, కింద సంస్కృతంలో నాలుగు ముక్కలు. 1956లో 245 కంపెనీలను, సొసైటీలను కలిపి సంస్థను పెట్టినప్పుడు ఆ ముక్కలు భగవద్గీత తొమ్మిదో అధ్యాయం నుంచి తెచ్చుకున్నారు. నన్నే నమ్ముకున్నవాళ్ల యోగక్షేమాల బరువు నేను మోస్తానని కృష్ణుడు మాట ఇచ్చే శ్లోకం అది. ఆ మాట చెప్పి నేను ఎన్ని పాలసీలు చేయించానో లెక్కలేదు. పల్లెటూళ్లో అరుగు మీద కూర్చుని, కరపత్రం తీసి, దీపం మీద వేలు పెట్టి, ‘‘ఇది నేనంటున్నది కాదండీ, పరమాత్ముడు అన్నది’’ అనేవాణ్ణి. సంతకం పడేది. పాపం పరమాత్ముడికి కమీషన్ లేదు.

శంకరాచార్యుల వారి భాష్యం మాష్టారు చెబితే విన్నాను. యోగమంటే లేనిది చేతికి రావడం, క్షేమమంటే ఉన్నది పోకుండా కాపాడుకోవడం. ఆ లెక్కన బీమాలో యోగం లేదు, క్షేమం ఒక్కటే. మా ఖాతాదారులకు కావలసిందేమో యోగం. ‘‘మనీబ్యాక్ ఉందా? బోనస్ ఎంత? చివర్లో ఎంత చేతికొస్తుంది?’’ చావుకే డబ్బు తిరిగి రావాలని అడిగే జనం, రోగానికి ఊరుకుంటారా? ఆరోగ్య బీమా అంటే మొహం చిట్లించేవారు. జబ్బు రాకపోతే ఆ డబ్బు దండగ కదా అని ఒక బాధ. పైగా ఇంట్లో కూర్చుని క్యాన్సర్, గుండెపోటు అని నోటితో అంటే తథాస్తు దేవతలు వింటారని ఇంకో భయం. ఒక ఇల్లాలు నా చేతిలో జబ్బుల జాబితా చూసి, ‘‘శుక్రవారం పూట ఇంట్లో ఇవేం మాటలు నాయనా’’ అని నన్ను వీధి అరుగు మీదికి పంపేసింది. శనివారం రమ్మంది. శనివారం వెళ్తే శనివారమని పంపేసింది.

చీటీ మాత్రం అందరికీ అర్థమవుతుంది. ఇరవై మంది నెలనెలా వేస్తారు, ప్రతివాడికీ ఏదో ఒక నెల పాట వస్తుంది. కానీ ఆగి చూడండి. చీటీలో అర్జెంటుగా అవసరమున్నవాడే ఎక్కువ తగ్గించి పాడుకుంటాడు. వాడి అవసరమే మిగతావాళ్ల లాభం. బిడ్డ ఆపరేషన్ కోసం లక్ష చీటీని డెబ్బై అయిదు వేలకు పాడుకున్నవాణ్ణి నేను చూశాను. ఆ నెల మిగిలిన పందొమ్మిది మందీ డివిడెండు పంచుకుని సంతోషించారు, వాళ్లలో నేనూ ఉన్నాను. బీమా దీనికి సరిగ్గా తలకిందులు. అవసరం పడినవాడికి మొత్తం, పడనివాడికి సున్నా. చీటీకి అలవాటుపడిన బుర్రకు ఇది అన్యాయంగా కనిపించడంలో వింతేముంది?

మన పల్లెలకు ఇది మరీ కొత్తేమీ కాదు. మా తాతగారి కాలంలో కల్లంలో ధాన్యం కొలిచేటప్పుడు మేర తీసేవారట. చాకలికింత, కమ్మరికింత, వడ్రంగికింత, మంగలికింత. ఆ రోజుల్లో కురుపు కోసేది, కట్టు కట్టేది మంగలే. ఆ ఇంటి ఆడమనిషి మంత్రసాని. ఆ ఏడు మన ఇంట్లో కాన్పు ఉన్నా లేకపోయినా, ఎవరికీ కురుపు లేవకపోయినా మేర ఆగదు. ఈ ఏడు మాకు జబ్బు చెయ్యలేదు కాబట్టి గింజలు తిరిగిచ్చెయ్యమని ఏ రైతూ అడిగినట్టు వినలేదు. ఇది చెప్పి నేను మురిసిపోతుంటే ఆటో కుర్రాడు ఒక్కమాట అన్నాడు: ‘‘మేర తీసుకున్నవాళ్లు మా వాళ్లే బాబాయ్. కొలిచే చెయ్యి మీది, చాపిన చెయ్యి మాది.’’ నా దొప్పలో పొంగలి చల్లారిపోయింది. నిజమే, ఇచ్చేవాడు దయ అనుకున్నది పుచ్చుకునేవాడికి ఎలా ఉంటుందో ఇచ్చేవాడు రాసిన పుస్తకంలో ఉండదు. వాడు కార్డును హక్కు అని పంతంగా అంటాడు. ఎందుకంటాడో ఆ రోజు తెలిసింది.

మాష్టారిది వేరే దారి. ఎవరి కర్మ వాళ్లది, రాసిపెట్టినదాన్ని బీమా తప్పించలేదు అంటారు. అంటూనే ఆయన జేబులో ఉద్యోగుల హెల్త్ కార్డు పదిలంగా ఉంటుంది. నేను వేదాంతిని కాను, కానీ ఈ విషయం మీద మన ఆయుర్వేదమే తేల్చి చెప్పింది. చరక సంహిత విమానస్థానం మూడో అధ్యాయంలో అగ్నివేశుడు గురువును అడుగుతాడు, ఆయుష్షు ముందే నిర్ణయమైపోయిందా అని. ఆత్రేయుడి జవాబు: దైవం ఉంది, పురుష ప్రయత్నమూ ఉంది. అంతా ముందే రాసి ఉంటే మందులెందుకు, మదమెక్కిన ఏనుగు ఎదురొస్తే పక్కకు తప్పుకోవడమెందుకు? అదే అధ్యాయంలో ఇంకో పెద్ద మాట ఉంది. రకరకాల ఒళ్లు, రకరకాల తిండి ఉన్న జనం ఒక్కసారిగా రోగాన పడి పోతున్నారంటే కారణం గాలి, నీరు, నేల, కాలం చెడిపోవడం. వాటి వెనక ఉన్నది అధర్మం, అందులో ఏలికల అధర్మమూ ఉంది అంటాడు. అంటే జబ్బు మొత్తం రోగి ఖాతాలోనే రాసెయ్యడానికి వీల్లేదన్నమాట. కాలవ నీళ్లు తాగి ఊరు ఊరంతా పడకేస్తే ఎవడి పూర్వజన్మని వెతుకుతాం?

టైలర్ భాయ్ చిక్కు ఇంకోటి. బీమాలో వడ్డీ ఉంది, జూదం వాసన ఉంది, ఏం వస్తుందో తెలియనిదాన్ని కొంటున్నాం, మా మతంలో చాలామంది పెద్దలు ఒప్పుకోరు అంటాడు. అందరూ తలా కొంత వేసి కష్టం వచ్చినవాడికి ఇచ్చే తకాఫుల్ అయితే సరే అంటారట. ‘‘మరి నీ కార్డు?’’ అని కుర్రాడు అడిగాడు. ‘‘అది సర్కారు ఇచ్చేది, నేను కొన్నది కాదుగా. ఒంటెను కట్టేసి, ఆ తర్వాత అల్లా మీద భారం వెయ్యమన్నారు మా ప్రవక్త. కట్టే తాడు ఎక్కడిదో చూసుకోవాలి మరి’’ అన్నాడు. తాడు ఎక్కడిది అన్న మాట నన్ను రెండు రోజులు వదల్లేదు. వదలకపోవడానికి కారణం ఉంది. అది ఈ సభలో ఎవరికీ చెప్పలేదు.

సుమారు తొమ్మిదేళ్ల కిందట. మా పక్క ఊళ్లో చిల్లర కొట్టు అతను, నా కంటే పదిహేనేళ్లు చిన్నవాడు, నన్ను బాబాయ్ అనేవాడు. కొడుకు హైదరాబాదులో ఉద్యోగంలో చేరి ఆదాయపు పన్ను కట్టడం మొదలుపెట్టగానే వీళ్ల తెల్ల కార్డు పోయింది. అటు కార్డు లేదు, ఇటు ఉద్యోగి బీమా లేదు. ఈ దేశంలో నాకు ఎక్కువ పాలసీలు దొరికింది ఇలాంటివాళ్ల దగ్గరే. బెల్లం దిమ్మల పక్కన, తక్కెడ జరిపి ఫారం పెట్టుకున్నాం. ఈగలు వాలుతుంటే అతను అట్టముక్కతో విసురుతున్నాడు. లోపలి నుంచి అతని భార్య రెండు గ్లాసులు తెచ్చింది. స్టీలు గ్లాసు నా ముందు పెట్టి, గాజు గ్లాసు అతనికిస్తూ, ‘‘మీది ఇది, పంచదార వెయ్యలేదు’’ అంది.

విన్నాను. నా చేతిలో నీలం బాల్‌పెన్ను ఉంది. ఫారంలో పదకొండో వరసలో మధుమేహం ఉందా అన్న ప్రశ్న ఉంది. నేను అతని మొహంలోకి చూశాను, అతను నా మొహంలోకి చూశాడు. ఇద్దరం ఏమీ అనలేదు. ‘లేదు’ అన్న గడిలో టిక్కు పెట్టాను. టీ బాగుందని కూడా అన్నాను.

మూడో ఏడు కాలి మీద పుండు లేచింది, మానలేదు. కంపెనీవాళ్లు పాత మందుల చీటీలు తెప్పించుకున్నారు. జబ్బు దాచారని క్లెయిమ్ కొట్టేశారు, పాలసీ రద్దు చేశారు. పాదం పైదాకా తియ్యాల్సి వచ్చింది. కొట్టు వెనక ఉన్న రెండు సెంట్ల స్థలం అమ్మారు. అతను ఒక్కసారి కూడా నన్ను తప్పు పట్టలేదు. పరామర్శకు వెళ్తే కుర్చీ వేయించాడు. ‘‘మనిద్దరికీ తెలుసుగా బాబాయ్’’ అన్నాడు, అంతే. ఆ పాలసీ మీద నాకొచ్చిన కమీషన్ మూడేళ్లకూ కలిపి అయిదు వేల లోపే.

ఈ పాపం ఎవరిది? నన్ను నేను సమర్థించుకోవడానికి వాదనలు సిద్ధంగానే ఉన్నాయి. ‘ఉంది’ అని రాసినా, అప్పటి నిబంధనల ప్రకారం ముందే ఉన్న జబ్బుకు నాలుగేళ్ల దాకా చెల్లించనక్కర్లేదు. మూడో ఏడు వచ్చిన పుండుకు ఎటూ పైసా రాదు. 2024 నుంచి ఆ గడువు మూడేళ్లకు తగ్గించారు, అయిదేళ్లు సక్రమంగా కట్టిన పాలసీని మోసం రుజువైతే తప్ప తిరగతోడకూడదన్నారు. మంచి సంస్కరణలే, అతనికి అందలేదు. ఇక కంపెనీ సంగతా? ప్రీమియం పుచ్చుకునేటప్పుడు మన మాట నమ్మేస్తారు, డాక్టరును కూడా పంపరు. డబ్బు ఇవ్వాల్సి వచ్చినప్పుడు మాత్రం పదేళ్లనాటి చీటీలో అక్షరాలు వెతుకుతారు. బీమా చట్టానికి మూలసూత్రం పరమ విశ్వాసమని మాకు శిక్షణలో మొదటిరోజే చెప్పారు. ఆ విశ్వాసం మూడు మూలలా ఎంత పలచగా ఉందో ఆ కొట్లో తక్కెడ పెట్టి తూచి ఉంటే సరిపోయేది.

అయినా ఈ వాదనలన్నీ నా టిక్కును చెరపలేవు. నిజం రాసి ఉంటే తనకు గొడుగు లేదని అతనికి తెలిసి ఉండేది. ఉందనుకుని వానలో నడవడం వేరు. గీతలో ఆ శ్లోకం ముందు భాగం మేము ఎప్పుడూ చెప్పేవాళ్లం కాదు. వేరే చింత లేకుండా, ఎడతెగకుండా నన్ను పట్టుకున్నవాళ్లకు అని షరతు అక్కడే ఉంది. దేవుడికీ షరతులు వర్తిస్తాయి అని మా డెవలప్‌మెంటు ఆఫీసరు జోకేసేవాడు. కానీ తేడా ఒకటుంది. ఆయనకు ప్రపోజల్ ఫారం అక్కర్లేదు. టీలో పంచదార ఉందో లేదో ఆయనకు ముందే తెలుసు, తెలిసే బరువెత్తుకుంటాడు. మనుషులు ఒకరి బరువు ఒకరు మోయాలంటే మాత్రం ముందు చెప్పుకోవాలి. చెబితే మోయరేమోనన్న భయం ఉన్నంతకాలం చెప్పుకోం. తెలిసి కూడా మోసే ఏర్పాటు ఏదైనా ఉంటే అదే నాకు సంస్కరణ. ఆ లెక్కకు, ప్రశ్నలడక్కుండా అందరినీ చేర్చుకునే కార్డు నా కంపెనీ పాలసీ కంటే ధర్మానికి దగ్గర. ఒక ఏజెంటు ఈ మాట అంటున్నాడంటే నమ్మండి.

ఒకరోజు, మనుషుల పేర్లు మార్చి, ఎవరికో జరిగినట్టుగా ఈ కథ సభలో చెప్పాను. మాష్టారు వయసులో ఉండగా హరిశ్చంద్ర వేషం కట్టినవారు, ఈ ఊళ్లో ఆ తరంలో ఎవరు కట్టలేదు గనక. ఆయన వెంటనే కాటి సీను ఎత్తుకున్నారు. కన్నకొడుకు శవం ముందు పెట్టుకుని, కట్టుకున్న భార్యను కాటి సుంకం అడిగాడు హరిశ్చంద్రుడు. కఠినుడై కాదు. ఆ సుంకం తనది కాదు, యజమానిది. తనది కానిదాన్ని దయతలిచి వదిలేస్తే అది దయ కాదు, దొంగతనం. కంపెనీలో క్లెయిమ్ చూసేవాడూ అంతే, ఆ డబ్బు లక్షమంది కట్టినది, అబద్ధం రాసినవాడికి పంచే హక్కు వాడికెక్కడిది అన్నారు.

బలమైన మాటే. నా దగ్గర జవాబు లేదు. నర్సమ్మ మాత్రం బస్సు వస్తోందేమోనని అటే చూస్తూ, ‘‘ఆ నాటకంలో చివరికి దేవుళ్లు దిగొచ్చి బిడ్డను లేపారు కాబట్టి హరిశ్చంద్రుడు గొప్పవాడయ్యాడు మాష్టారూ. మా వార్డులోకి ఎవరూ దిగిరారు’’ అంది. ఆ తర్వాత తన బైబిలు కథ చెప్పింది. దొంగలు కొట్టి దారిపక్క పడేసిన మనిషిని ఒక సమరయుడు ఎత్తుకెళ్లి సత్రంలో చేర్పించాడు. సత్రంవాడికి రెండు దేనారాలిచ్చి, ఇంతకన్నా ఎక్కువైతే తిరిగొచ్చేటప్పుడు ఇస్తానన్నాడు. ‘‘క్యాష్‌లెస్ అంటే అదే కదా బాబాయ్ గారూ. సత్రంవాడు వాడి మాట నమ్మాడు. మొన్న అక్టోబరులో మా ఆసుపత్రి కౌంటర్లో కార్డు పట్టుకుని నిలబడినవాళ్లకు నేనే చెప్పాను, సేవలు ఆగిపోయాయమ్మా అని. సమరయుడు తిరిగి రాకపోతే సత్రంవాడేం చేస్తాడన్నది మా పాస్టరు గారు ఎప్పుడూ చెప్పలేదు.’’

బస్సొచ్చింది, వెళ్లిపోయింది. ఆ ప్రశ్న బల్ల మీద టీ గ్లాసులా మిగిలింది. నేను ప్రసంగాలు ఎన్నో విన్నాను గానీ, కంపెనీ మేలా ట్రస్టు మేలా అన్న వాదనను ఇంత సూటిగా పట్టుకున్నది వినలేదు. డబ్బు ఎవరి సంచిలోంచి వస్తుందన్నది రెండో మాట, ఇస్తానన్నవాడు ఆ దారిన తిరిగొస్తాడా అన్నది మొదటి మాట. డల్లాస్‌లో ఉన్న మా అమ్మాయి ఫోనులో చెబుతుంది, అక్కడా ఇదే గొడవట. బీమా ప్రీమియంకు ఇచ్చే సాయం కొనసాగించాలా వద్దా అని పట్టుబట్టి నిరుడు 43 రోజులు వాళ్ల ప్రభుత్వమే మూతపడింది. అంత డబ్బున్న దేశంలోనూ సత్రం గుమ్మంలో ఇదే బేరం.

మా ఆవిడ సంగతి చెప్పి ముగిస్తాను. ఆమె పేరున పందొమ్మిదేళ్లు ఆరోగ్య బీమా కట్టాను. ఒక్క రోజు ఆసుపత్రిలో పడుకోలేదు. ఒక రాత్రి పెరుగన్నం తిని పడుకుంది, తెల్లారి లేవలేదు. పదకొండో రోజు కార్యక్రమం అయ్యాక, కాగితాలు సర్దుతూ మా అబ్బాయి లెక్క వేశాడు. ‘‘నాన్నా, అమ్మ పాలసీకి మొత్తం రెండున్నర లక్షల పైనే కట్టావు. ఒక్క రూపాయి కూడా రాలేదు. వేస్టయిపోయింది’’ అన్నాడు. వాడు బాధతోనే అన్నాడు, లోభంతో కాదు. నేనేమీ అనలేదు గానీ ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఆ రెండున్నర లక్షలు ఎక్కడికి వెళ్లాయి? కొంత కంపెనీ అద్దాల మేడకు, కొంత నాలాంటివాడి కమీషన్‌కు, సరే. మిగతాది ఏదో ఊళ్లో ఎవరి బైపాస్‌కో, ఎవరి కాన్పుకో వెళ్లే ఉంటుంది. వాళ్లెవరో ఆమెకు తెలియదు, ఆమె ఎవరో వాళ్లకు తెలియదు. మనిషి పుట్టుకతోనే దేవతలకు, రుషులకు, పితరులకు బాకీ పడతాడని అందరూ చెబుతారు. శతపథ బ్రాహ్మణం నాలుగోది కూడా చెప్పిందని మాష్టారు ఒకసారి అన్నారు, తోటి మనుషుల బాకీ. మా ఆవిడ ఆ నాలుగోది తీర్చుకుని వెళ్లింది, రసీదు కూడా పుచ్చుకోకుండా. లాభం ఎవరికి అని అడిగితే, పైసా రానివాళ్లకంటే ఎక్కువ లాభపడినవాళ్లు ఎవరూ కనబడలేదు నాకు. పందొమ్మిదేళ్లు ఒళ్లు బాగుంది కదా. ఇది మా అబ్బాయికి చెబితే, ‘‘నువ్వింకా పాలసీ అమ్ముతున్నావు నాన్నా’’ అని నవ్వాడు.

అమ్మడం మానేశాను అనుకున్నాను. మొన్న భోగికి ముందు రోజు, పాత ఖాతాదారు కొడుకు వాళ్లమ్మను వెంటబెట్టుకుని ఇంటికొచ్చాడు. 58 ఏళ్లు ఆమెకు. ఆరోగ్య బీమా కట్టాలి, ఆన్‌లైన్లో అర్థం కావడం లేదు, ఫారం నింపిపెట్టండి అన్నాడు. నా కోడలు పండక్కొచ్చి ఉంది, టీ పెట్టనా అని లోపల్నుంచి అడిగింది. నేను ఆమెవైపు తిరిగాను.

‘‘అమ్మా, మీకు టీలో పంచదార వెయ్యొచ్చా?’’

ఆమె కొడుకువైపు చూసింది. అతను ఫోనువైపు చూశాడు.

‘‘కొంచెం... వేసుకోను అన్నయ్య గారూ. నాలుగేళ్లయింది’’ అంది.

పెన్ను తీసి ‘ఉంది’ అని టిక్కు పెట్టాను, ఎన్నేళ్లో, ఏ మాత్రో పక్కన రాశాను. ప్రీమియం ఎంత పెరుగుతుందో, ఎన్నేళ్లు ఆగాలో చెప్పాను. అబ్బాయి మర్యాదగా విన్నాడు. టీ తాగాడు. ఫారం మడిచి జేబులో పెట్టుకుని, ఇంట్లో మాట్లాడుకుని వస్తామండీ అని లేచాడు. వాళ్లమ్మ గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగి నా మొహంలోకి ఒకసారి చూసింది. కాలవ వంతెన దాటగానే ఇంకో ఏజెంటు ఇల్లుంది. బండి ఆ వంతెన వైపే తిరిగింది.